టీజే ముందు యాక్సిల్ పినియన్ సీల్ కారుతోంది: క్రష్ స్లీవ్ పాడవకుండా మార్చడం ఎలా?

కొండదారి:
బండి 2004 జీప్ రాంగ్లర్ టీజే, ముందు డానా 30 యాక్సిల్. పినియన్ (యాక్సిల్‌లోకి శక్తి తెచ్చే చిన్న గేరు) చివరి యోక్, అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ తగిలే చెవుల ముక్క, చుట్టూ జిడ్డు పట్టి, దాని మీద దుమ్ము అట్టకట్టింది. రాత్రి నిలిపితే పొద్దున నేల మీద రూపాయి బిళ్ళంత మరక. మూడు సందేహాలు: నేను ఫోర్ వీల్ డ్రైవ్ వేసేదే తక్కువ, ముందు సీల్ ఎందుకు అరిగింది? లిఫ్ట్ లేకుండా స్టాండ్ల మీద ఇంట్లోనే మార్చగలనా? తిరిగి బిగించేటప్పుడు పినియన్ నట్టుకి ఎంత టార్క్ ఇవ్వాలి?

పాత పానా:
కొండదారి గారూ, మొదటిదానికి జవాబు తేలిక. టీజేలో ముందు చక్రాలకి లాకింగ్ హబ్బులు (చక్రాన్ని షాఫ్టు నుంచి విడదీసేవి) లేవు, యాక్సిల్ మధ్యలో విడదీసే ఏర్పాటూ లేదు. టూ వీల్‌లో నడిపినా ముందు క్రౌన్ (పినియన్ తిప్పే పెద్ద గేరు), పినియన్, ప్రొపెల్లర్ షాఫ్ట్ అన్నీ చక్రాలతోపాటు తిరుగుతూనే ఉంటాయి. ఓడోమీటర్ మీద ఎన్ని మైళ్ళుంటే ఆ సీల్ అన్ని మైళ్ళు తిరిగినట్టే.

మూడో ప్రశ్న దగ్గరే చాలామంది బోల్తా పడతారు. ఈ యాక్సిల్‌లో నట్టు టార్క్ అసలు లెక్క కాదు. పినియన్ మీద రెండు టేపర్ బేరింగులుంటాయి, వాటి మధ్య క్రష్ స్లీవ్ అనే పలచటి ఉక్కు గొట్టం. నట్టు బిగించేకొద్దీ ఆ గొట్టం కొద్దికొద్దిగా నలుగుతూ బేరింగుల మీద ప్రీలోడ్, అంటే ఆట లేకుండా ఉంచే నొక్కుడు, తెస్తుంది. మీరు కొలవాల్సింది పినియన్‌ని చేత్తో తిప్పడానికి ఎంత బలం పడుతోందన్నది. అది ఇంచ్-పౌండ్లలో ఉంటుంది. నట్టుకేమో వందల అడుగు-పౌండ్లు. ఈ రెండూ కలిపేసుకుంటే బేరింగులు పోతాయి.

విప్పకముందే ఆ తిరుగుడు టార్క్ కొలిచి రాసుకోండి. ఈ ఒక్క పని మర్చిపోతే తర్వాత అంతా గుడ్డి లెక్కే.

బురద బండి:
అన్నా, సీల్ తెప్పించే ముందు బ్రీదర్ చూస్కో. యాక్సిల్ ట్యూబ్ మీంచి పైకి పోయే రబ్బరు పైపు ఉంటది. దాన్ని యాక్సిల్ దగ్గర ఊడదీసి నోటితోని ఊదు. గాలి పోకుంటే మట్టి నిండినట్టే. నడిస్తే ఆయిల్ వేడెక్కుతది, లోపల గాలి పెరుగుతది, పోనీకి దారి లేక సీల్ పెదవి కిందికెళ్ళి ఆయిల్‌ని బయటికి నూకుతది. అప్పుడు సీల్‌ని తిట్టుడంటే అత్త మీద కోపం దుత్త మీద తీసినట్టే.

నీళ్ళలో దింపితే ఉల్టా కథ. వేడి యాక్సిల్ చల్లటి వాగులో దిగంగనే లోపల గాలి ముడుచుకుంటది. బ్రీదర్ బంద్ ఉంటే అదే సీల్ నుంచి నీళ్ళు లోపలికి గుంజుతది. ఆయిల్ పాలు కలిపిన చాయ్ లెక్క కనబడ్డదంటే అర్థం అదే. పైపు కొంచెం పొడుగుది వేసి ఇంజన్ బే లోపల పైకి కట్టెయ్.

పాత పానా:
బురద బండి చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఇంకో రెండు పరీక్షలు కూడా చేయండి.

ఒకటి, కారేది ఏ ఆయిలో తేల్చుకోవాలి. టీజే ట్రాన్స్‌ఫర్ కేసులో (ముందు, వెనక యాక్సిళ్ళకి శక్తి పంచే పెట్టె) ఉండేది ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో వాడే ఆయిల్, ఎర్రగా పలచగా ఉంటుంది. యాక్సిల్‌లోది గేర్ ఆయిల్, చిక్కగా గంధకం కంపు కొడుతుంది. వేలికి రాసుకుని వాసన చూస్తే తెలిసిపోతుంది. ఆ తర్వాత బ్రేక్ క్లీనర్‌తో అంతా కడిగి, ఆరాక టాల్కమ్ పౌడర్ చల్లి, ఇరవై కిలోమీటర్లు నడిపి చూడండి. తడి యోక్ మెడ చుట్టూ మొదలైతే సీల్ పెదవి. సీల్ బయటి అంచుకీ హౌసింగ్‌కీ మధ్య మొదలైతే సీల్ వంకరగా కూర్చుంది. నట్టు దగ్గర, యోక్ మధ్య గుంటలో తడి ఉంటే మాత్రం ఆయిల్ స్ప్లైన్ల (యోక్, పినియన్ ఒకదాన్నొకటి పట్టుకునే గాళ్ళు) గుండా వస్తోంది. దానికి ఎన్ని సీళ్ళు మార్చినా ఆగదు.

రెండు, ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పాక యోక్‌ని రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందికీ, ముందుకీ వెనక్కీ గట్టిగా కుదపండి. కొంచెం కూడా ఆట ఉండకూడదు. ఉంటే నట్టు లూజు, లేదా బేరింగులు అరిగాయి. అప్పుడు కొత్త సీల్ వేసినా కొన్నాళ్ళకే మళ్ళీ కారుతుంది, ఎందుకంటే షాఫ్టు ఊగుతూ సీల్ పెదవిని ఒక పక్కే తొక్కేస్తుంది. చక్రాలన్నీ గాల్లో ఉంచి యోక్ నెమ్మదిగా తిప్పినప్పుడు గరగరమన్నా అదే అర్థం.

ఇంపాక్ట్ వీరుడు:
ఇంత హడావిడి దేనికి సార్? నట్టు మీద, పినియన్ చివర మీద పెయింట్ గీత పెట్టుకో, ఇంపాక్ట్ గన్నుతో విప్పు, సీల్ కొట్టు, గీత కలిసేదాకా గన్నుతో బిగించు. అరగంట పని. షాపుల్లో చేసేది ఇదే.

పాత పానా:
గన్నుతో విప్పడానికి నాకు అభ్యంతరం లేదు. బిగించడానికే వద్దంటున్నా. పాత స్లీవ్ ఒకసారి నలిగిపోయింది, దానిలో మిగిలింది కొంచెం స్ప్రింగుతనం మాత్రమే. గీత దాటి ఒక్క దెబ్బ ఎక్కువ పడితే ప్రీలోడ్ ఎగిరిపోతుంది. అప్పుడు నట్టు వెనక్కి తిప్పితే సరిపోతుందిగా అనుకుంటారు, అది కుదరదు. వెనక్కి వదిలితే నలిగిన స్లీవ్ తిరిగి పొడుగవ్వదు, నట్టు కింద పట్టు పోతుంది. ఎక్కువ బిగిస్తే కొత్త స్లీవ్ వేయడం తప్ప మార్గం లేదు.

గీత మంచిదే, కానీ అది సాక్షి మాత్రమే, తీర్పు చెప్పేది కొలత. కొత్త నట్టు వేసినా, కొత్త యోక్ వేసినా మందం మారుతుంది, గీత పనికిరాదు.

ఇంపాక్ట్ వీరుడు:
సరే, అది ఒప్పుకుంటా. కొత్త యోక్ విషయం ఆలోచించలేదు.

పాత పానా:
ఇక పని వరస. పుస్తకం చదివినట్టు కాకుండా, చేతులు కాలే చోట్ల ఆగుతూ చెప్తాను.

వెనక చక్రాలకి దిమ్మలు పెట్టండి. ముందు యాక్సిల్ ట్యూబుల కింద స్టాండ్లు. ట్రాన్స్‌ఫర్ కేసు న్యూట్రల్. ముందు చక్రాలు, బ్రేక్ కాలిపర్లు, డిస్కులు తీసేయండి. కాలిపర్లు గొట్టం మీద వేలాడకుండా తీగతో కట్టండి. ఇదంతా ఎందుకంటే, బ్రేక్ ప్యాడ్ డిస్కుని కాస్త రాసుకున్నా కొలత తప్పుతుంది.

ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని యాక్సిల్ వైపు మాత్రమే విప్పితే చాలు. యోక్‌కీ షాఫ్ట్‌కీ కలిపి పెయింట్ గీత పెట్టుకోండి. యోక్‌కి పట్టి ఉంచే స్ట్రాప్‌లు తీయగానే యూ-జాయింట్ క్రాస్ మీది రెండు కప్పులూ జారి పడతాయి, లోపలి సూదులు మట్టిలో కలిసిపోతాయి, కాబట్టి ముందే వాటి చుట్టూ టేపు చుట్టండి. షాఫ్ట్‌ని పక్కకి పైకి కట్టేయండి.

ఇప్పుడు ఇంచ్-పౌండ్ల టార్క్ రెంచ్. ముల్లు ఉన్నదో డయల్ ఉన్నదో కావాలి, క్లిక్ కొట్టేది పనికిరాదు. నట్టు మీద సాకెట్ పెట్టి (1-1/8 అంగుళాలది), ముందు అయిదారు చుట్లు తిప్పి బేరింగుల్ని కుదురుకోనివ్వండి. తర్వాత ఒకే వేగంతో తిప్పుతూ ముల్లు ఎక్కడ నిలుస్తుందో చూడండి. కదిలే మొదటి క్షణంలో వచ్చే పెద్ద అంకె వద్దు. మూడుసార్లు చూసి రాసుకోండి.

గుర్తుంచుకోండి, ఈ అంకెలో పినియన్ ఒక్కటే లేదు. క్రౌన్, డిఫరెన్షియల్ బేరింగులు, యాక్సిల్ షాఫ్టులు అన్నీ కలిసి లాగుతున్నాయి. అందుకని దీన్ని ఒంటరి పినియన్‌కి ఇచ్చిన అంకెతో పోల్చకండి. దీన్ని మళ్ళీ దీనితోనే పోల్చాలి. తిరిగి బిగించాక రావాల్సింది ఇదే అంకె, దానికి అదనంగా 5 ఇంచ్-పౌండ్లు, అంటే 0.56 న్యూటన్-మీటర్లు. కొత్త సీల్ పెదవి కూడా కాస్త పట్టుకుంటుంది, బేరింగుకి కూడా కొంచెం మిగలాలి, ఆ అదనం అందుకే.

జిప్సీ_1300:
పాత పానా గారూ, మధ్యలో అడ్డొస్తున్నా. మాది కాకినాడ, బండి జిప్సీ. ఇక్కడ ఇంచ్-పౌండ్ల రెంచ్ ఎవరి దగ్గరా దొరకట్లేదండి. ఇంకేదైనా దారి ఉందా? జిప్సీకీ పద్ధతి ఇదేనా?

లేత్ దగ్గర:
స్ప్రింగ్ కాటా ఉంటే చాలు తమ్ముడూ, చేపలు తూచేది. జిప్సీ పినియన్ మీద ఉండేది గుండ్రటి ఫ్లాంజ్, దీనికి బాగా కుదురుతుంది. ఫ్లాంజ్ చుట్టూ గట్టి నైలాన్ దారం నాలుగు చుట్లు చుట్టి, చివర కాటా కొక్కేనికి తగిలించి, నేరుగా ఒకే వేగంతో లాగు. ఫ్లాంజ్ తిరుగుతుండగా కాటా చూపే కిలోల్ని ఫ్లాంజ్ వ్యాసార్థం సెంటీమీటర్లతో గుణిస్తే కిలో-సెంటీమీటర్లు వస్తాయి.

ఉదాహరణకి 14 ఇంచ్-పౌండ్లంటే సుమారు 16 కిలో-సెంటీమీటర్లు. దారం చుట్టిన చోట వ్యాసార్థం 4 సెంటీమీటర్లైతే కాటా 4 కిలోలు చూపాలి. దానికి 5 ఇంచ్-పౌండ్లు కలిపితే 5.5 కిలోల దగ్గర. వ్యాసార్థం వెర్నియర్‌తో కొలువు, అడ్డకొలతని వ్యాసార్థం అనుకుంటే లెక్క రెండింతలైపోతుంది.

టీజే యోక్‌కి రెండు చెవులుంటాయి కాబట్టి దారం సరిగా చుట్టుకోదు. దానికి రెంచే మేలు.

పాత పానా:
జిప్సీకి ఇంకో సదుపాయం ఉంది. డిఫరెన్షియల్ మొత్తం హౌసింగ్ పినియన్ వైపు నుంచి ఒకే ముద్దగా ఊడొస్తుంది. యాక్సిల్ షాఫ్టులు బయటికి లాగి, నట్లు విప్పి, దాన్ని బల్ల మీద పెట్టుకుని పని చేసుకోవచ్చు. డానా 30 అలా కాదు, హౌసింగ్‌లోనే కూర్చుని ఉంటుంది. మీకు బేరింగుల మీద అనుమానం ఉంటే బల్ల మీదికి దించడమే మంచిది. ఒట్టి సీల్‌కైతే బండి కిందే చేయొచ్చు.

కొండదారి:
కొలిచాను. మూడుసార్లూ 13 ఇంచ్-పౌండ్లే. ఆట లేదు, గరగర లేదు. బ్రీదర్ పైపులో నిజంగానే మట్టి గట్టిగా ఉంది, ఊదితే పోలేదు. నట్టు మాత్రం కదలట్లేదు. యోక్ తిరిగిపోతోంది.

లేత్ దగ్గర:
యోక్ పట్టుకునే పట్టీ చేయించండి. 8 మిల్లీమీటర్ల మందం ఇనుప పట్టీ, నాలుగడుగుల పొడుగు. ఒక చివర యోక్ స్ట్రాప్ బోల్టుల రంధ్రాలకి సరిపడా రెండు బెజ్జాలు, మధ్యలో సాకెట్ దూరేంత పెద్ద బెజ్జం. యోక్‌కి బోల్టులతో బిగించి, రెండో చివరని నేలకో ఛాసిస్‌కో ఆనించండి. వెల్డింగ్ షాపులో పది నిమిషాల పని. పైప్ రెంచ్ పెడితే యోక్ మీద పళ్ళ గాట్లు పడతాయి, సీల్ తిరిగే చోట పడితే అక్కడితో యోక్ పని అయిపోయినట్టే.

విప్పేముందు పినియన్ చివర, నట్టు, యోక్ మూడింటి మీదా ఒకే వరసలో సెంటర్ పంచ్‌తో చుక్క పెట్టండి. పెయింట్ బ్రేక్ క్లీనర్‌కి కొట్టుకుపోతుంది. నట్టు బయట ఎన్ని మరలు కనిపిస్తున్నాయో కూడా లెక్కపెట్టండి. కొన్ని బళ్ళలో నట్టు అంచుని పినియన్ గాడిలోకి కొట్టి ఉంచుతారు, అలాంటివాటికి ముందు ఆ మడత లేపాలి, లేకపోతే మర చెడుతుంది.

యోక్‌ని పుల్లర్‌తోనే లాగండి. వెనక నుంచి సుత్తితో కొడితే ఆ దెబ్బలన్నీ బేరింగు రోలర్లు తింటాయి, రేసు మీద గుంటలు పడతాయి. కింద ట్రే పెట్టడం మర్చిపోవద్దు. ముందు భాగం ఎత్తినందువల్ల వెనక్కి చూసే పినియన్ కాస్త కిందికి వాలుతుంది, లోపలి ఆయిల్ కొంత వచ్చేస్తుంది.

బురద బండి:
సీల్ తీసుడు సంగతి ఎవ్వరూ చెప్పలే. స్క్రూడ్రైవర్ గుచ్చి పైకి లేపుడు కాదు, హౌసింగ్ లోపలి గోడ మీద గీత పడుతది, కొత్త సీల్ ఎంత మంచిదైనా ఆ గీతలకెళ్ళి కారుతది. సీల్ పుల్లర్ కొక్కెం సరిగ్గా పెదవి కింద తగిలించి లాగాలె. కొందరు సీల్‌కి డ్రిల్‌తోని బెజ్జం కొట్టి స్క్రూ ఎక్కించి లాగుతరు. అట్ల చేస్తే డ్రిల్ ముక్క మీద గ్రీజు దండిగా రాయి, పొడి అంటుకుంటది. సీల్ వెనకనే బేరింగు ఉన్నది, ఆ ఇనుప పొడి అండ్లకే పోతది.

కొండదారి:
యోక్ వచ్చింది. సీల్ తిరిగే చోట చుట్టూ ఒక నల్ల గీత. గోరు అడ్డంగా లాగితే ఆ గీతలో చిక్కుకుంటోంది. ఎమెరీ పేపరుతో రుద్దితే సరిపోతుందా?

లేత్ దగ్గర:
గోరు చిక్కుకుంటే రుద్దుడు చాలదండి. రుద్దితే అడ్డకొలత తగ్గుతుంది, పైగా ఎమెరీ గీతలు వంకరగా ఉంటే అవే స్క్రూలాగా ఆయిల్‌ని బయటికి తోడతాయి. మూడు మార్గాలున్నాయి.

మంచిది కొత్త యోక్. ఖర్చు వద్దనుకుంటే ఎస్‌కేఎఫ్ స్పీడీ స్లీవ్: పలచటి స్టెయిన్‌లెస్ గొట్టం, గోడ మందం 0.28 మిల్లీమీటర్లే, కాబట్టి అదే సీల్ సరిపోతుంది. యోక్ మీద అరగని చోట అడ్డకొలత వెర్నియర్‌తో చూసి సైజు తెప్పించండి. ఎక్కించే ముందు గీత లోతుగా ఉంటే ఇపాక్సీ నింపండి, స్లీవ్‌తో వచ్చే కప్పు పెట్టి తిన్నగా కొట్టండి. వంకర పోతే చిరుగుతుంది, ఇంకోటి కొనాల్సిందే. మూడోది చౌక చిట్కా: కొత్త సీల్‌ని పాతదానికంటే ఒక మిల్లీమీటరు పైకో లోపలికో కూర్చోబెడితే పెదవి కొత్త ఇనుము మీద తిరుగుతుంది. హౌసింగ్‌లో ఆ జాగా ఉంటేనే, అదీ సీల్ అంతా సమంగా ఉంటేనే.

పాత పానా:
స్పీడీ స్లీవ్ వేస్తే యోక్ పొడుగు మారదు కాబట్టి చుక్కల గుర్తులు అలాగే పనికొస్తాయి. నట్టు కొత్తది వేస్తారు కాబట్టి, పాత నట్టు చుక్క ఏ గంట దగ్గర ఉందో ఫోటో తీసి పెట్టుకోండి, అది అంచనాకే.

సీల్ కూర్చోబెట్టడం: స్ప్రింగ్ ఉన్న వైపు లోపలికి, ఆయిల్ వైపు. పెదవికి గేర్ ఆయిల్ గానీ గ్రీజు గానీ రాయండి, ఎండు పెదవి మొదటి కిలోమీటర్లోనే కాలుతుంది. బయటి అంచు ఒట్టి ఇనుమైతే పలచగా సీలెంట్, రబ్బరు పూతైతే ఏమీ వద్దు. సీల్ అడ్డకొలతకి సరిపడే పైపు ముక్క గానీ పాత బేరింగు కప్పు గానీ పెట్టి చుట్టూ సమంగా తట్టండి. స్ప్రింగు ఊడి పడిందేమో వేలితో తడిమి చూడండి, సుత్తి దెబ్బలకి అది జారడం మామూలే.

యోక్ లోపలి స్ప్లైన్ల మీద, వాషర్ కింద ఆర్టీవీ సీలెంట్ పలచగా. స్ప్లైన్ల గుండా వచ్చే ఆయిల్‌కి ఇదే అడ్డు. నట్టు మరలకి థ్రెడ్ లాకర్. యోక్‌ని నట్టుతోనే మెల్లగా లాక్కోండి, కొట్టొద్దు.

ఇప్పుడు పొడుగు రెంచ్‌తో, చేత్తో. చుక్క దగ్గరికి వచ్చేముందే ఆగి తిప్పి చూడండి. ఆట పోయాక ఒక్కోసారి 5 అడుగు-పౌండ్లు మాత్రమే పెంచుతూ, పెంచిన ప్రతిసారీ యోక్‌ని నాలుగు చుట్లు తిప్పి, ఇంచ్-పౌండ్ల రెంచ్‌తో చూడండి. చివర్లో నట్టు వెంట్రుకవాసి కదిలితే అంకె రెండు మూడు పెరుగుతుంది, అక్కడే తొందర పనికిరాదు. మీకు 13 వచ్చింది కాబట్టి 18 దగ్గర ఆగండి.

జిప్సీ_1300:
గట్టిగా బిగించినా అంకె పెరగకపోతే?

పాత పానా:
స్లీవ్ చచ్చిపోయింది, కొత్తది వేయాలి. సీల్ తీసి ఉంటుంది కాబట్టి బయటి బేరింగు జారి వస్తే స్లీవ్‌ని సీల్ వైపు నుంచే మార్చొచ్చు. బేరింగు పినియన్ మీద బిగుసుకుని ఉంటే డిఫరెన్షియల్ కవర్ తీసి, డిఫరెన్షియల్ దించి, పినియన్‌ని కవర్ వైపుకి తీయాల్సిందే. కొత్త స్లీవ్ నలగడం మొదలవ్వడానికే 200 అడుగు-పౌండ్లకు పైన పడుతుంది, నాలుగడుగుల పట్టీ, పొడుగు పైపు లేకుండా అది జరగదు. పెద్ద టైర్లు, రాళ్ళ దారులు అయితే స్లీవ్‌కి బదులు నలగని గట్టి స్పేసర్, షిమ్‌ల (మందం సరిచేసే పలచటి బిళ్ళల) కిట్ దొరుకుతుంది. డానా 60 లాంటి పెద్ద యాక్సిళ్ళలో మొదట్నుంచీ షిమ్‌లే. అలాంటివాటికి నట్టుని చెప్పిన టార్క్‌కి బిగిస్తే అయిపోతుంది, ఈ గొడవంతా ఉండదు.

ఇంపాక్ట్ వీరుడు:
ఆయిల్ ఎంత? పాతదే సరిపోతుందా?

బురద బండి:
జీఎల్-5 80డబ్ల్యూ-90. ముందు డానా 30కి సుమారు 1.2 లీటర్లు. డ్రెయిన్ బోల్ట్ లేదు, కవర్ తీస్తేనే మొత్తం దిగుతది. నీళ్ళలో తిరిగే బండైతే కవర్ తీసి మార్చుడే మంచిది, అయస్కాంతం మీద పొడి ఎంత ఉన్నదో కూడా కనబడుతది. మెత్తటి బూడిద లెక్క ఉంటే భయం లేదు, మెరిసే పెచ్చులుంటే బేరింగో పన్నో పోతున్నట్టు. వెనక యాక్సిల్‌కి ట్రాక్-లాక్ (లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్) ఉన్నోళ్ళు దాంట్లకి ఫ్రిక్షన్ మాడిఫైయర్ మర్చిపోవద్దు, లేకుంటే మలుపుల్ల చక్రాలు కటకటమంటయ్.

కొండదారి:
స్పీడీ స్లీవ్, కొత్త సీల్, కొత్త నట్టు. 17 దగ్గర ఆపాను. బ్రీదర్ పైపు కొత్తది వేసి ఇంజన్ బేలోకి తీసుకెళ్ళాను. స్ట్రాప్ బోల్టులు పాతవే వేయొచ్చా?

పాత పానా:
17 బాగుంది, ఇక ముట్టుకోకండి. స్ట్రాప్‌లు, బోల్టులు కొత్తవే వేయండి, స్ట్రాప్ ఒకసారి సాగాక కప్పుని సరిగా పట్టదు. టార్క్ 14 అడుగు-పౌండ్లే, అంటే 19 న్యూటన్-మీటర్లు. చిన్న బోల్టులు, చేతిబలం చూపిస్తే తెగుతాయి. కప్పులు యోక్ చెవుల లోపలి అంచుల మధ్య సరిగ్గా కూర్చున్నాయో లేదో చూశాకే బిగించండి.

ఇరవై కిలోమీటర్లు నడిపాక ఆపి పినియన్ మెడ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉండాలి. చెయ్యి ఆనించలేనంత కాలితే ప్రీలోడ్ ఎక్కువైంది, అలాగే నడపొద్దు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు కొత్తగా ఊళ మొదలైనా నాకు చెప్పండి.

లేత్ దగ్గర:
ఇంకొకటి. కంచె తీగ, చేపల వల దారం, ఎండుగడ్డి యోక్ మెడకి చుట్టుకుని సీల్ లోపలికి కోసుకుంటూ పోతాయి. పొదల్లో తిరిగి వచ్చినప్పుడల్లా కిందికి వంగి ఆ మెడ ఒక్కసారి చూడండి, ఉంటే కత్తితో కోసి తీయండి. లాగితే పెదవి చిరుగుతుంది.